టిన్‌రూఫ్ వారి అమ్మాయి

"తాతమ్మా, గరాజ్‌లో పాత పెట్టెలో ఈ టీషర్టు దొరికింది. వెనకాల 'జ్యోతి టిన్‌రూఫ్' అనుంది. అమ్మ పుట్టింటి పేరు బొంతా కదా? మరి ఈ టిన్‌రూఫ్ ఏంటి?"

ముందు ఆ ఫోను బల్ల మీద పెట్టు, లేయా. ఎర్ర చుక్క వెలుగుతోందే, అంటే వింటున్నట్టేనా? ఎవరు వింటున్నారు? నువ్వొక్కదానివేనా, అవతల ఇంకెవరన్నా ఉన్నారా? బడివాళ్ళు పెద్దవాళ్ళ ముచ్చట్లు రికార్డు చేసుకురమ్మన్నారంటున్నావు. ఎందుకంట? పన్నెండేళ్ళ పిల్లలకి ముసలోళ్ళ కబుర్లతో ఏం పని? నాకైతే అనుమానమే. సరేలే. ఆ తలుపు దగ్గరగా వేసిరా. మీ అమ్మమ్మ ఇవాళ డ్యూటీకి పోలేదు. దానివి పాముచెవులు.

ఆ చొక్కా ఇటు తే. ఆఁ... ఇదే. మూడు నెలలు నాకు కంటి మీద కునుకు లేకుండా చేసింది ఇదే. మూడు నెలలేంటి, ఆరు నెలలు. నవ్వకు. నువ్వు పుట్టకముందు సంగతి, నీకేం తెలుసు?

మీ ముత్తాత పోయిన మరుసటేడు నేనీ దేశం వచ్చా. రెండువేల నాలుగో, ఐదో. ఈ మౌంట్ ఆల్బర్ట్ పేటలో ఈ ఇల్లే. మీ అమ్మమ్మ ఎస్తేరు ఆసుపత్రిలో షిఫ్టులు. మీ తాత విమానమెక్కి పోవాల్సినంత దూరాన క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళో బిల్డింగుల పని, నెలకోసారి వచ్చి మొహం చూపించి పోయేవాడు. మీ అమ్మకి పంతొమ్మిదేళ్ళు, సిటీలో యూనివర్సిటీకి పోయేది. నన్ను ప్రేమతో రప్పించారనుకునేవు. కాపలాకి. "అమ్మా, నేను ఇంట్లో ఉండను, పిల్లని కాస్త కనిపెట్టుకో" అంది ఎస్తేరు. నాకంతకన్నా ఏం కావాలి? మా పేటలో ఎవరింట్లో ఏ కూరో పొగని బట్టి చెప్పేదాన్ని.

మొదటి అనుమానం టిఫిన్ డబ్బా. పిల్ల రెండు డబ్బాలు కట్టించుకునేది. ఒక కడుపుకి రెండు డబ్బాలెందుకు? అడిగితే "ఫ్రెండ్‌కి, అమ్మమ్మా" అనేది. రెండో అనుమానం, స్నానాలగదిలో తనలో తనే గొణుక్కోవడం. పాట కాదు, ప్రార్థన కాదు, గబగబా గబగబా ఎవరితోనో పోట్లాడుతున్నట్టు. ఇక మూడోది, బట్టలు ఉతుకుతుంటే ఈ చొక్కా. కూడబలుక్కుని చదివా. జ్యోతి. టిన్‌రూఫ్.

ఈ దేశంలో ఇంటిపేరు వెనక రాస్తారని నాకప్పటికే తెలుసు. మనలో ఆడపిల్ల ఇంటిపేరు ఎప్పుడు మారుద్ది? జీవితంలో ఒక్కసారి. నా కాళ్ళ కింద భూమి చీలింది. అక్కడే వాషింగ్ మెషీన్ మీద కూలబడ్డా, అది తిరుగుతానే ఉంది, నేనూ దాంతో పాటు వణుకుతా ఉన్నా. పిల్ల రిజిస్టరు పెళ్ళి చేసుకుందే! టిన్‌రూఫ్ అనేవాడు ఎవడో!

సాయంత్రం ఏమీ ఎరగనట్టు అడిగా. "జ్యోతీ, టిన్‌రూఫ్ అంటే ఏందే?"

"రేకుల కప్పు, అమ్మమ్మా. ఎందుకూ?"

"ఏం లేదులే."

రేకుల కప్పు వారంట! మా అల్లుడి తరపు బొంతా వారు ఎంత లేనివాళ్ళైనా పెంకుటింట్లో ఉన్నారు. దాని వేళ్ళు చూశా, ఉంగరం లేదు. మెడ చూశా, ఏమీ లేదు. ఏమీ లేకపోతే అనుమానం తగ్గాలిగా? నాకు పెరిగింది. దాచిందన్నమాట!

ఎస్తేరుకి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశా. అది యూనిఫాం కూడా విప్పలా, కుర్చీలో కూర్చుని బూట్లు లాగి పడేసింది. తర్వాత అంది, "అమ్మా, అట్టాంటిదేమన్నా ఉంటే సెమిస్టరు మధ్యలోనైనా సరే, క్రైస్ట్‌చర్చ్ తీసుకుపోయి వాళ్ళ నాన్న దగ్గర పడేస్తా. చదువు అక్కడే చదువుకుంటది. నువ్వు పోయి కళ్ళారా చూడు. నువ్వేం చెబితే అదే."

చూశావా? పిల్ల బతుకు తెచ్చి నా నాలుక మీద పెట్టింది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి పిల్ల బయల్దేరింది. నేను గొడుగేసుకుని వెనకాల. వాన అంటే మామూలు వాన కాదు, నోవహు ఓడ కావాలి. మూలనున్న చిల్లర కొట్టు, ఇక్కడ డెయిరీ అంటారు, అది దాటి, మూడు వీధులు తిరిగి, ఒక పాత గరాజ్‌లోకి దూరింది. నేను కంచె దగ్గర నిలబడ్డా. లోపల్నించి దబ్ దబ్ దబ్ అని... లేయా, నేను అబద్ధం చెప్పను, నా కట్టుడు పళ్ళు నోట్లో కోలాటమాడాయి. కంచె మీద పిల్లి గాల్లోకి లేచింది. తలుపు తోసి చూద్దును కదా, బీరువాలంతేసి పెట్టెలు ఒకదాని మీద ఒకటి, మన చర్చి గంటస్తంభమంత ఎత్తున. అన్నీ స్పీకర్లే!

వాటి ముందు ఒకాయన. డెస్మండ్. జమైకా దేశస్థుడు, ఇక్కడ సిటీ బస్సు నడిపేవాడు, యాభై ఏళ్ళుంటాయి. నడుం దాకా జడలు. నా జన్మలో నాకంత జుట్టు లేదు. ఆయన చుట్టూ ఏడెనిమిది మంది పిల్లలు, మధ్యలో మా రెండో టిఫిన్ డబ్బా. మీ అమ్మ చేతిలో మైకు. నన్ను చూసి దాని మొహం గోడకేసిన సున్నంలా అయింది.

నేను ఎవరినీ పలకరించలా. వేలు పెట్టి ఒక్కొక్కళ్ళనే అడిగా, "యువర్ నేమ్?" ఒకమ్మాయి ఈ దేశపు మావోరీ పిల్ల, "హినే టిన్‌రూఫ్" అంది. ఫిజీ పిల్లాడు, "రాజేష్ టిన్‌రూఫ్, నానీ" అన్నాడు. పెట్టెల దగ్గర లావాటి సమోవా దీవుల పిల్లాడు, చేతులు కట్టుకుని, "సియోనే టిన్‌రూఫ్, మేడమ్" అన్నాడు. అవునే, మీ నాన్నే. అప్పుడు ఇంకా లావు. ఆ గరాజ్ తలుపుకి సరిపోయేవాడు. డెస్మండ్ గుండె మీద చెయ్యేసుకుని, "డెస్మండ్ టిన్‌రూఫ్" అన్నాడు.

రంగు రంగుకి పొంతన లేదు, అందరిదీ ఒకటే ఇంటిపేరు! ఇదేం వంశం తల్లీ అనుకున్నా. "ఏం కొంప ఇది? ఈయన మీకేమవుతాడు?" అని గదమాయించా. డెస్మండ్ చెప్పడం మొదలెట్టాడు, మీ అమ్మ తెలుగు చేసింది. ఆయన పది మాటలంటే ఇది నాలుగు చెప్పేది. మిగతా ఆరూ ఏమయ్యాయో ఇప్పటికీ నాకు అనుమానమే.

ఆ నాలుగింట్లో నాకు తెలిసిందేంటంటే, వాళ్ళ దేశంలో డాన్స్‌హాల్ అని ఒక పాట పద్ధతి. పాట అంటే పాట కాదు, తాళం మోగుతుంటే దాని మీద మాటలు అల్లటం. ఆయన చిన్నప్పుడు ఎవరి మైకు వాళ్ళదేనంట. ఒక్కడే పాడుకునేవాడు, ఒక్కడే మునిగేవాడు. పోను పోను గుంపులు కట్టారు. క్రూ అంటారు. కాస్త పేరొచ్చిన పెద్దవాడు పేటలో కుర్రకారుని చేరదీసి, అన్నం పెట్టి, పని నేర్పి, తన గుంపు పేరు వాళ్ళ పేరు చివర తగిలిస్తాడు. ఒక తాళం దొరికిందంటే ఇంటిల్లిపాదీ దాని మీదే పాడతారు, తలా ఒక పాట. ఒకడికి పేరొస్తే మిగతావాళ్ళని చెయ్యి పట్టి పైకి లాగుతాడు. ఇప్పుడు అక్కడ గుంపు లేని పాటగాడు లేడంట. "మరి గుంపు వదిలేసి పోతే?" అన్నా. డెస్మండ్ నవ్వలా. పోయినవాడి మీద పాట కడతారు. పేరు పెట్టి, ఊరంతా వినేట్టు, ఉతికి ఆరేస్తారు. అవతలి గుంపు వాడికి వంతపాడుద్ది. అట్టా జమైకాలో సగం ఊళ్ళు చీలిపోయాయంట. ఆయన కుర్రతనంలో రేకుల కప్పు కింద పాట నేర్చుకున్నాడు కాబట్టి ఇక్కడ ఈ పేరు పెట్టాడు.

నాకు నవ్వొచ్చింది. ఎందుకో చెప్పనా? మా పేటలో క్రిస్మస్‌కి కోలాటం జట్లుండేయి. పై పేటది ఒకటి, మాది ఒకటి. గురువు ఒక్కడు, ఒకే బాణీ, ఎవరి చరణం వాళ్ళది. పై పేట జట్టుని ఎన్ని తిట్లు తిట్టేవాళ్ళం పాటలో! యేసు పుట్టిన పాటలోనే ఇరికించేవాళ్ళం, పాస్టరుగారికి తెలియకుండా. నేనే ముందు కర్ర. నేను కర్ర ఎత్తితే రైలు ఆగేది. సరే, రైలు కాదులే, బస్సు. ఆగేది మాత్రం నిజం.

అప్పుడు నేనొకటి చూశా. మీ అమ్మని పాడమన్నారు. స్నానాలగదిలో గొణుగుడు ఇదన్నమాట. ఇంగ్లీషులో మొదలెట్టి మధ్యలో మన మాటలు దూర్చి, అబ్బో, గుక్క తిప్పుకోకుండా. అందరూ దాన్నే చూస్తున్నారు. ఒక్కడు చూడట్లా. మీ నాన్న. వాడు పాట పెట్టేవాడు, సెలెక్టర్ అంటారు. తల వంచుకుని పెట్టె మీద మోత పెంచే తగ్గించే మర చూసుకుంటా ఉన్నాడు. కానీ ఇది ఎక్కడ గుక్క తిప్పుకోవాలో సరిగ్గా అక్కడ ఆ మర కిందికి తిప్పేవాడు. పెట్టెల మోత తగ్గేది, పిల్ల ఊపిరి పీల్చుకునేది, మళ్ళీ పెంచేవాడు. చూడకుండా! వినే!

నాకు తెలిసిపోయింది. మా జట్టుకి డప్పు వాయించే కుర్రాడొకడు ఉండేవాడు. నాకు ఆయాసమొచ్చే చరణంలో దెబ్బ మెత్తగా వేసేవాడు. ఒక్క మాట మాట్లాడుకోలా మేము, ప్రమాణం చేసి చెబుతున్నా. మా నాయనమ్మ అది కనిపెట్టి మా నాన్న చెవిలో వేసింది. ఒకటే మాట. మర్నాడు నా కోలాటం కర్రలు పొయ్యిలో ఉన్నాయి. వాటితోనే ఆ పూట అన్నం ఉడికింది. నేను తిన్నా కూడా. ఆ తర్వాత ఎప్పుడూ జట్టులో నిలబడలేదు.

ఇంటికొచ్చేసరికి ఎస్తేరు గుమ్మంలోనే ఉంది. "ఏమైందమ్మా? పెళ్ళా?"

గొడుగు దులిపా. టైము కావాలిగా ఆలోచించుకోటానికి. "పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు. అక్కడున్న మగపిల్లలందరిదీ టిన్‌రూఫే. దీనిదీ టిన్‌రూఫే. ఒకే ఇంటిపేరు. అందరూ అన్నదమ్ముల వరస. ఒకే ఇంటిపేరులో ఎక్కడన్నా పెళ్ళి జరుగుద్దా?"

"అమ్మా, అది నిజం ఇంటిపేరు కాదు..."

"పెట్టుకున్నాక అదే నిజం. దత్తత పోయినోడిది నిజం ఇంటిపేరు కాదా? అందరూ 'సిస్టర్, సిస్టర్' అంటున్నారు. నేను విన్నా."

వినలేదు. ఒక్కడూ అనలేదు. ఎస్తేరుకి ఎంత చదువున్నా, నలభై మంది రోగుల్ని ఒంటిచేత్తో తిప్పినా, ఇంటిపేరు మాటెత్తితే అది మళ్ళీ మా పేట పిల్లే. నా వంక చానాసేపు అనుమానంగా చూసింది. నా కూతురేగా. "సరే, అన్నయ్యలైతే పోనీ" అంది.

క్రైస్ట్‌చర్చ్ తప్పింది. నేను గెలిచా అనుకున్నా. కానీ మీ అమ్మ ఉందే, ఆ మాట పట్టుకుపోయి గరాజ్‌లో జోకు చేసింది. "మా అమ్మమ్మ లెక్కలో మీరంతా నాకు అన్నయ్యలంట! పేరొకటైతే మావాళ్ళలో పెళ్ళి కూడా కుదరదు!" అందరూ పడీ పడీ నవ్వారంట. ఒక్కడు నవ్వలా.

రెండు వారాలకి పిల్ల ఏడ్చుకుంటా వచ్చింది. "అమ్మమ్మా, సియోనే మమ్మల్ని వదిలేసి బిగ్ యార్డ్‌లో చేరాడు." బిగ్ యార్డ్ అంటే దక్షిణాన ఇంకో క్రూ, వీళ్ళకి బద్ధవిరోధులు. డెస్మండ్ రెండు రోజులు బస్సు కూడా నడపలేదంట. కొడుకులా పెంచుకున్నాడు పాపం. "ఎందుకు పోయాడో చెప్పడు. ఎంత అడిగినా నేల చూస్తాడు. వచ్చే నెల వాళ్ళతో పోటీ ఉంది. నేనే పాట కడతా. వాడి తోలు తీస్తా!" అంది. రోజూ అద్దం ముందు అదే పని. ఆ తిట్లు, అమ్మో. తెలుగువి కొన్ని నేనే అందించా. ఎవరి మీదైతేనేం, మాట కుదరాలిగా.

నాకు అప్పటికీ తట్టలేదు చూడు. ఒకరోజు పొద్దున్నే తలుపు చప్పుడు. తీస్తే మీ నాన్న. చేతిలో పళ్ళెం నిండా కొబ్బరిపాలల్లో కాల్చిన బన్నులు, వాళ్ళమ్మ చేసినవి. ఆరడుగుల మనిషి నా ముందు వంగి నిలబడ్డాడు. "మేడమ్, నా పేరు ఇప్పుడు సియోనే బిగ్ యార్డ్" అన్నాడు. మళ్ళీ చిన్నగా, "నో మోర్ బ్రదర్? ఓకే?"

నా గుండె ఆగిపోయింది, లేయా. రెండు నిమిషాలు. వాళ్ళలోనూ పెద్దవాళ్ళ మాటంటే మాటే. నేను ఎస్తేరు నోరు మూయించటానికి ఆడిన అబద్ధం, దాన్ని పూర్తిగా నమ్మినవాడు ఈ భూమ్మీద వీడొక్కడు! దానికోసం తండ్రిలాంటి గురువుని వదిలేసి, ఊరంతా ద్రోహి అంటున్నా నోరు మెదపకుండా, శత్రువుల పేరు తగిలించుకుని వచ్చాడు. ఇంకెవరికి చెప్పేది? మీ అమ్మకి చెబితే ఎస్తేరుకి తెలుస్తుంది. ఎస్తేరుకి తెలిస్తే క్రైస్ట్‌చర్చ్. బన్నులు తీసుకుని, "ఓకే, ఓకే" అని తలుపేశా. నాలుగు తిన్నా. బాగున్నాయి.

పోటీ ఒక శనివారం మధ్యాహ్నం, కమ్యూనిటీ హాల్లో. నాలుగు వేలమంది జనం. సరే, నాలుగొందలు. కుర్చీలు ఎన్ని ఉంటే అంతమంది. ఈ కొస టిన్‌రూఫ్ వాళ్ళ పెట్టెలు, ఆ కొస బిగ్ యార్డ్ వాళ్ళవి. మధ్యలో నేల మీద పసుపు టేపు. ఒక క్రూ వంతు నడుస్తుంటే రెండో క్రూ వాళ్ళు ఆ గీత దాటకూడదు. దాటితే పరువు పోయినట్టే, రెండు పక్కలా తన్నులు తిన్నట్టే. ఎస్తేరు డ్యూటీ దిగి తిన్నగా వచ్చి నా పక్కన కూర్చుంది. "నీ మనవడి వరసలు ఎంతమందో చూద్దామని వచ్చా" అంది. నేను చేతిసంచీలో ఏదో వెతుక్కున్నా.

మీ అమ్మ వంతొచ్చింది. కొత్త సెలెక్టర్ రాజేష్. మంచి పిల్లాడే గానీ, మోత పెంచటమే గొప్పనుకుంటాడు. మీ అమ్మ మొదలెట్టింది, సియోనే బిగ్ యార్డ్ అని పేరు పెట్టి పిలిచి, అన్నం పెట్టిన చెయ్యి కొరికావని, ముంతంత గుండె లేదని. మొదటి చరణం నిప్పులే. రెండో దాంట్లో గుక్క తిప్పుకోవాల్సిన చోట మోత తగ్గలా. మాట మింగేసింది. మళ్ళీ అందుకుంది, మళ్ళీ మునిగింది. నోరు కదులుతోంది, మాట వినపడట్లా. జనం వెనక నించి హారన్లు ఊదటం మొదలెట్టారు, దిగిపొమ్మని. పిల్ల కళ్ళల్లో నీళ్ళు నాకు కుర్చీలోంచే కనిపించాయి. నా చెయ్యి నాకు తెలియకుండా ఎస్తేరు మోకాలి మీద తాళం వేస్తోంది, ఇక్కడ తగ్గించాలి, ఇక్కడ తగ్గించాలి అని.

అప్పుడు ఆ కొస నించి మీ నాన్న లేచాడు. వాళ్ళ క్రూ వాళ్ళు చొక్కా పట్టుకుని లాగారు. విదిలించుకున్నాడు. పసుపు గీత దాటాడు. హాలు హాలంతా 'ఓ' అని లేచింది. ఎవరి వంకా చూడకుండా నడిచి వచ్చి, రాజేష్ పక్కన నిలబడి, ఆ మర కిందికి తిప్పాడు.

పిల్ల ఊపిరి పీల్చుకుంది.

ఆలోచించు. తనని తిడుతున్న పాట! అది జనానికి సరిగ్గా వినపడట్లేదని గీత దాటి వచ్చాడు. మీ అమ్మ తర్వాతి మాట అనబోయి, మైకు నోటి దగ్గరే పెట్టుకుని, వాణ్ణి చూస్తా నిలబడిపోయింది. ఆ పాట ఇప్పటిదాకా పూర్తి కాలేదు. డెస్మండ్ పెట్టె మీద తల పెట్టుకుని నవ్వుతున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. టిన్‌రూఫ్ ఓడిపోయింది. బిగ్ యార్డ్ వాళ్ళు మీ నాన్న పేరు అక్కడికక్కడే కొట్టేశారు.

ఎస్తేరు మెల్లగా నా వైపు తిరిగింది. "అమ్మా. ఆ అబ్బాయి అన్నయ్య వరస అన్నావు."

"అది అప్పుడు," అన్నా. "ఇప్పుడు ఇంటిపేరు వేరు."

అది నన్ను చంపుద్దనుకున్నా. బ్యాగు భుజానేసుకుని ముందు నడిచింది. బస్సెక్కాం, టికెట్లు తనే తీసింది. మీ అమ్మ వెనక సీట్లో ముడుచుకుని కూర్చుంది, రేపే క్రైస్ట్‌చర్చ్ అనుకుంటా. బస్సు దిగి డెయిరీ దాటాక, ఎస్తేరు ఎటో చూస్తా అడిగింది, "ఆ అబ్బాయి అమ్మావాళ్ళు ఏ చర్చికి పోతారంట?"

అంతే. నేను ఆ రోడ్డు మీదే గంతేశా, రెండు మూరల ఎత్తు.

చదువు అయ్యాక పెళ్ళి. ఆ రోజు డెస్మండ్ వచ్చి మీ నాన్నకి పాత చొక్కా తిరిగిచ్చాడు. పెళ్ళయ్యాక మొగుడూ పెళ్ళానిది ఒకటే ఇంటిపేరు ఉండాలి కదా, తప్పు లేదు. ఆ పెట్టెలో అడుక్కి వెతుకు, 'సియోనే టిన్‌రూఫ్' అని ఇంతంత చొక్కా ఉంటది, గుడారం వేసుకోవచ్చు.

నువ్వెందుకే ఏడుస్తున్నావు? పిచ్చి పిల్లా. ఇటు రా. నువ్వు ఏ జట్టులోనన్నా చేరు, ఏ పేరన్నా తగిలించుకో, నాకు అడ్డు లేదు. నువ్వు నోరు విప్పినప్పుడు, నీకు గుక్క తిరగని చోట, మోత తగ్గించేవాళ్ళు ఎవరో ఒకరు నీ దగ్గర ఉండాలి. చల్లగా ఉండు, నా తల్లి. నా ఆయుష్షు కూడా పోసుకో. నాకింకా ముప్పయ్యేళ్ళున్నాయిలే, సగం తీసుకో.

ఆ, ఆపెయ్. ఆపావా? చుక్క ఇంకా ఎర్రగానే ఉందే... ఒసే ఎస్తేరూ, తలుపు వెనకాల నీ చెప్పుల చప్పుడేనా అది? ఎంతసేపట్నించీ...